నిక్కరుకు మట్టి అంటని ఆటగాడు

మొన్న అల్లపల్లి నుంచి సిరొంచ వస్తున్న బస్సులో నా పక్కన కూర్చున్న ముసలమ్మ సంచిలోంచి ఏదో కారడం మొదలైంది. మూత సరిగా బిగించని సీసా. ముందు నా చీరకు తడి తగిలింది, ఆ తర్వాత వాసన. ఇప్పనూనెలో కర్పూరం వేసి వెచ్చబెట్టిన వాసన అది. కొంచెం చేదుగా, కొంచెం మత్తుగా, ముక్కు వెనకాల ఎక్కడో అంటుకుని ఉండిపోతుంది. ఆమె నొచ్చుకుంటూ కొంగుతో సీటు తుడుస్తుంటే, మోకాళ్ల కోసమా అని అడిగాను. నీకెట్ల తెలుసు అన్నట్టు అనుమానంగా చూసి సంచిని ఒళ్లోకి లాక్కుంది. మా ఇంటికి రెండిళ్ల అవతల నుంచి ఏళ్ల తరబడి ప్రతి పొద్దున ఆ వాసన వచ్చేది. మా అమ్మ కిటికీ మూసేది. అది లింగయ్య కాక తన కుడి మోకాలికి మర్దన చేసుకునే వేళ.

లింగయ్య కాక మాకు చుట్టం కాదు. పుట్టింది అంకిసలో, గోదావరి ఒడ్డున చేపలు పట్టే ఇంట్లో. పదహారేళ్లకు ఊరు విడిచి వెళ్లి, చంద్రపూర్ దగ్గర బొగ్గుగని జట్టులో, తర్వాత నాగపూర్‌లో, ముంబైలో, చివరికి గోవాలో ఒక పెద్ద క్లబ్బులో మొత్తం పదకొండేళ్లు జీతానికి ఫుట్‌బాల్ ఆడాడు. డిఫెండర్. గోలు కొట్టేవాళ్ల పేర్లు ఊళ్లకు చేరతాయి. గోలు పడకుండా ఆపేవాళ్ల పేర్లు వాళ్ల మోకాళ్లకు తప్ప ఎవరికీ గుర్తుండవు. ఇది చదివే మీలో ఎవరూ ఆయన ఆట చూసి ఉండరు. నేనూ చూడలేదు. ఆయన ఆడడం మానేసిన చాలా ఏళ్లకు, తల నెరిశాక, ఒక ఇనుప పెట్టె, ఒక బంతి తీసుకుని సిరొంచకు వచ్చి మా వీధిలో అద్దెకు దిగాడు. పెళ్లి లేదు. వచ్చిన కారణం ఎవరికీ చెప్పలేదు.

మా వైపు కొత్త మనిషి కనబడితే ఊరికి ముందు వచ్చే ప్రశ్న ఒకటే: ఎవరి మనిషి? అడవి ఒక పక్క, నది ఒక పక్క, మూడు రాష్ట్రాల పోలీసులు నాలుగు పక్కల ఉన్నచోట ఆ ప్రశ్న అడగకుండా ఎవరికీ అన్నం అరగదు. జైలు నుంచి వచ్చిండని కొందరు, అక్కడెక్కడో పెళ్లాం పిల్లలను వదిలేసి వచ్చిండని కొందరు అనుకునేవారు. కాక తీరు కూడా ఆ మాటలకు తగ్గట్టే ఉండేది. హోటల్లో ఎప్పుడూ గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. తన ముందు పెట్టిన చాయ్ గ్లాసు తీసుకోడు, పళ్లెంలో ఉన్న ఇంకో గ్లాసు ఏరుకుంటాడు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే తల తిప్పడు, మొత్తం మనిషే తిరుగుతాడు. అన్నిటికన్నా చెడ్డ అలవాటు ఇంకొకటి. మాట్లాడేటప్పుడు మనిషి మొహం చూడడు, నడుము చూస్తాడు. ఆడవాళ్లయినా సరే. బోరింగు దగ్గర ఈ సంగతి మొదట పట్టుకున్నది మా అమ్మే. ఆ రోజు నుంచి ఆయన వీధిలో కనబడితే అమ్మ బిందె పక్కకు మార్చుకుని కొంగు నిండా కప్పుకునేది.

మా అమ్మ అనుమానం గురించి చెప్పకపోతే నా గురించి చెప్పినట్టు కాదు. నేను బడికి వెళ్లలేదు. నాన్న అల్లపల్లిలో అటవీ శాఖలో పని చేస్తూ వారానికోసారి వచ్చేవాడు. ఇక్కడి బడులన్నీ మరాఠీలోకి మారిపోయాయి, పిల్ల తెలుగు మర్చిపోతుందన్నది అమ్మ పైకి చెప్పే కారణం. లోపలి కారణం, వాకిలి దాటిన ఆడపిల్ల మీద ఆమెకున్న భయం. అందుకని ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాలు, లెక్కలు, దేవుడి పద్యాలు అన్నీ తానే నేర్పింది. పరీక్షలు ప్రైవేటుగా రాయించింది. ఆమె పెట్టిన ఆ భిక్షకు నేను ఈనాటికీ పొద్దున దీపం వెలిగించినప్పుడు దండం పెట్టుకుంటాను. కాని పంతొమ్మిదేళ్లు వచ్చినా మా వీధి చివరి మలుపు దాటి ఒంటరిగా వెళ్లి ఎరుగను. లోకం నాకు కిటికీలోంచి తెలుసు. కిటికీలోంచి చూసేవాళ్లకు అందరూ అనుమానంగానే కనబడతారు.

కాక వచ్చిన రెండో ఏడు, సాయంత్రాలు మైదానంలో ఆడపిల్లలకు ఆట నేర్పడం మొదలుపెట్టాడు. మొదట ఇద్దరు, తర్వాత తొమ్మిది మంది. అందులో చేపల వాళ్ల అమ్మాయి సమ్మక్క కాళ్లకు గాలి కట్టుకుని పుట్టిన పిల్ల. నెల తిరగకుండానే గొణుగుడు మొదలైంది. ఊరికే నేర్పుతాడట, ఎందుకు? ఆడపిల్లలకే నేర్పుతాడట, ఎందుకు? మైదానం చూసుకునే కమిటీకి పెద్ద, రిటైరైన సదానందం సారు. ఆయన ఉన్న మాట అనే మనిషి. కాకను పిలిపించి, నీ గురించి మాకేమీ తెలియదు, ఎక్కడ ఆడినవో, ఎందుకు మానినవో అంతా కాయితం మీద పెట్టు, చదివి చెబుతామన్నాడట. కాకకు ఆరో తరగతి చదువు. రాయడానికి చెయ్యి సాగదు. నా దస్తూరి బాగుంటుందని, అబద్ధం రాయనని సారే నా పేరు చెప్పాడు. అమ్మ ఒప్పుకోవడానికి వారం పట్టింది. వరండాలో కూర్చోవాలి, తలుపు తెరిచి ఉండాలి, ఆమె బియ్యం ఏరుతూ గడపలో ఉంటుంది. ఇవీ షరతులు.

"ఊకె ఎవ్వలు ఏం చెయ్యరు. ఏదో ఉంటది. రాసుకుంటనే కనిపెట్టు" అంది నాతో.

అలా నేను రాసేది ఆయన జీవితమైనా, చేసేది మాత్రం కాపలా. ఆయన చెప్పే ప్రతి మాట వెనక ఇంకో మాట వెతికేదాన్ని. ఆయన మొదట చెప్పింది ఇసుక గురించి. ఎండాకాలం గోదావరి సన్నబడితే అంకిస పిల్లలకు ఇసుక మేటే మైదానం. ఇసుకలో బంతి దొర్లదు, మనిషి జారడు. ఎదుటివాడి కాళ్ల కింద పడి బంతి లాగుదామనుకుంటే పడినచోటే కూరుకుపోతావు, వాడు నీ మీదుగా దాటి వెళ్లిపోతాడు. అందుకని అక్కడి పిల్లలెవరూ పడరు. బొగ్గుగని జట్టు కోచ్ మొదటి రోజు ఆయన్ని చూసి నవ్వాడట: అందరి నిక్కర్లూ మట్టి కొట్టుకుని ఉంటే నీదొక్కటే పెళ్లికొడుకు నిక్కరులా ఉందేమిటని. నెల తిరిగాక ఆ కోచే మిగతావాళ్లకు ఈయన్ని చూపించి, పడకుండా ఆపడం నేర్చుకోండని తిట్టాడట. చెబుతూ కాక మొదటిసారి నవ్వాడు. నేను నవ్వలేదు. తన గొప్ప తానే చెప్పుకుంటున్నాడు, సాక్షి ఎవరని మనసులో అనుకున్నాను.

నడుము సంగతి నేనే అడిగాను. అడగడానికి మూడు రోజులు ధైర్యం కూడగట్టుకున్నాను. గడపలో అమ్మ చేట ఆగిపోయింది. కాక ముందు అర్థం కానట్టు చూసి, తర్వాత చెవుల దాకా ఎర్రబడ్డాడు. అప్పుడు నన్ను వరండా ఆ చివర నిలబెట్టి, తనను దాటి వాకిట్లోకి వెళ్లమన్నాడు. కుడికి వెళ్తున్నట్టు చూసి ఎడమకు వెళ్లబోయాను. నేను కదలకముందే ఆయన ఎడమ పక్క నిలబడి ఉన్నాడు. మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ అంతే.

"కండ్లు మోసం చేస్తయి బిడ్డా, కాళ్లు గూడ చేస్తయి. నడుము చెయ్యదు. పదకొండేండ్లు గదే చూసిన. ఇప్పుడు మొకం చూద్దామన్నా కన్ను ఆగుతలేదు. మీ అమ్మకు జర చెప్పు, తప్పు పట్టుకోవద్దని" అన్నాడు.

అమ్మ చేట మళ్లీ ఆడింది. కాని అది నేర్చుకున్న నటన కావచ్చు కదా అని ఆ సాయంత్రం నాతో అంది. నాకూ అలాగే అనిపించింది. ఎందుకంటే కాయితాల్లో ఒక ఖాళీ ఉంది. గోవా క్లబ్బులో నాలుగో ఏడు దాకా ప్రతి మ్యాచూ వానతో సహా గుర్తున్న మనిషి, ఆ తర్వాత ఒక్క ముక్క చెప్పడు. ఎందుకు మానావు కాకా అంటే మోకాలంటాడు. మోకాలికి దెబ్బ ఎప్పుడు తగిలిందంటే మానేశాక అంటాడు. ఇంకేం రాయను అంటే, "ఇగ ఐపోయింది, గంతే రాయి" అని లేచి వెళ్లిపోతాడు.

ఆ ఖాళీలో ఏముందో సదానందం సారు ఫోనులో మా ఇంటికి వచ్చింది. ముంబైలో ఉన్న ఆయన మేనల్లుడు ఎక్కడో పాత పేపరు ముక్క సంపాదించి ఫొటో తీసి పంపాడు. వానలో ఆట. పదిమంది ఆటగాళ్లు బురద బొమ్మల్లా ఉన్నారు. మధ్యలో ఒక్కడు నిలబడి ఉన్నాడు, తెల్లటి నిక్కరు, చుక్క మట్టి లేదు. వెనక గోలులో బంతి. కింద రాసింది సారు చదివి చెప్పాడు: కప్పు పోగొట్టిన గోలు పడుతుంటే ఈ డిఫెండర్ ఎందుకు నిలబడి చూశాడు, అమ్ముడుపోయాడా? ఈ సంగతి నీకు చెప్పిండా అని సారు నన్ను అడిగాడు. అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా చెయ్యి దీపం ముందు ఆగిపోతుంది. కాకను ఒక్క మాట అడిగి చెబుతాననలేదు. "దాచిపెట్టిండు సార్. నాకు ముందటి సంది అనుమానమే" అన్నాను. అబద్ధం కాదు. కాని ఆ మాట చాలింది. మర్నాటి నుంచి మైదానంలో అడుగు పెట్టవద్దని కాకకు కబురు వెళ్లింది.

రెండు రోజులాగి ఆయన మా వాకిట్లోకి వచ్చాడు, చెప్పులు వదలకుండా నిలబడ్డాడు. కోపం లేదు. అదే నాకు మరీ కష్టమైంది.

"ముందుగాలనే మీద పడ్డవ్ బిడ్డా" అన్నాడు. "అనుమానం రావాలె. రాకపోతెనే తప్పు. కని మీద పడొద్దు. వాడు దొంగోడని తెలిసినా సరే ఎదురుంగ నిలవడాలె, వాని ఎంబడి అడుగేసుకుంట పోవాలె. ఎటు పోయేది వాడే చూపిస్తడు. పడినంక నువ్వు లేసేటాలకు అంత ఐపోతది."

మరి ఆ గోలు సంగతి చెప్పు అన్నాను. ఇప్పుడు చెబితే నువ్వు నమ్ముతావు, లేదా నమ్మవు, రెండూ ఒకటే అని వెళ్లిపోయాడు. ఆయన నిజంగా తప్పు చేశాడనే నేను అనుకున్నాను. చేయనివాడు అంత నెమ్మదిగా ఉండడని అమ్మ కూడా అంది.

ఆ ఎండాకాలం కాకా, పిల్లలూ ఊరి పక్కన పారే ప్రాణహిత ఒడ్డుకు మారారు. మైదానానికి కమిటీ ఉంటుంది, నది ఇసుకకు ఎవరుంటారు? తల్లులు కొందరు ఆపేశారు. ఆరుగురు మిగిలారు. ఒక సోమవారం పొద్దున నేనూ అమ్మా స్నానానికి వెళ్లి, నీళ్లలో నిలబడి ఆవలి ఒడ్డున కాళేశ్వరం వైపు దండం పెట్టుకుని, తడి బట్టలు పిండుకుంటున్నాం. కొంచెం ఎగువన ఆట నడుస్తోంది. చూడనట్టు చూస్తున్నాం, మాకది బాగా వచ్చిన విద్య. సమ్మక్క బంతిని బలంగా తన్నింది. అది మెత్తటి ఇసుక దాటి, నీటి అంచున గట్టిపడ్డ తడి ఏటవాలు మీద పడి, దొర్లుకుంటూ పారే నీళ్ల వైపు పోతోంది. ఆ పిల్లలకు ఉన్నది ఆ ఒక్క బంతి. పెద్ద క్లబ్బు నుంచి కాక తెచ్చుకున్నది కూడా అదొక్కటే. ఆయన పరుగెత్తాడు. ఆ మోకాలితో అంత వేగం ఎలా వచ్చిందో తెలియదు. బంతి దాకా వచ్చాడు, దాని పక్కనే పరుగెత్తుతున్నాడు. ఇంకో మూర దూరంలో నీళ్లు. బోర్లా పడి చెయ్యి చాస్తే చాలు, బంతి చేతిలో ఉంటుంది. పడు కాకా, పడు అని పిల్లలంతా అరుస్తున్నారు. ఆయన పడలేదు. నిటారుగా పరుగెత్తుతూ, చివరి క్షణంలో నిలబడే కాలు చాపాడు. జానెడు తేడాలో బంతి తప్పిపోయి నీళ్లలోకి దిగింది. తిరుగుతూ, మెరుస్తూ, గోదావరి కలిసే వైపు పోయింది.

సమ్మక్క నడుము మీద చేతులు పెట్టుకుని, "జర వంగితే ఏం పోయె కాకా, బట్టలు కరాబైతయనా?" అంది. ఆయన నీళ్లను చూస్తూ అలాగే నిలబడ్డాడు. పేపరులో నిలబడ్డట్టే.

పక్కన అమ్మ చేతిలో పిండుతున్న చీర ఆగిపోయింది.

"గీయనకు పడుడే రాదే" అంది నెమ్మదిగా.

నేను తడి బట్టలతోనే ఇసుకలో నడుచుకుంటూ వెళ్లాను. అమ్మ ఆపలేదు, నా వెనకే వచ్చింది. క్షమించమనలేదు, అది తర్వాత. ముందు ఆ గోలు గురించి అడిగాను. ఆయన మా అమ్మను చూశాడు, ఆమె తల ఊపింది. అప్పుడు చెప్పాడు.

"వాడు నన్ను దాటి రెండడుగులు ముందటికి పోయిండు. గప్పుడు పడాలె. ఎన్కల గోలు కాసేటోడు పడు పడు అని మొత్తుకుంటుండు. నా చెవులకు ఇనవడ్డది, కాళ్లకు ఇనవడలె. పదకొండేండ్లు నిలవడి ఆపిన. నిలవడి ఆపుడే వచ్చు నాకు. ఒక్కసారి పడాల్సి వచ్చింది, రాలె. ఇసుకల నేర్చినోనికి రాదని ఎవనికి చెప్తె నమ్ముతడు?"

ముందే ఎందుకు రాయించలేదని అడిగాను. రాస్తే వాళ్లు అదొక్కటే చదువుతారన్నాడు.

అందుకే నేను ఆ గోలుతోనే మొదలుపెట్టి మొత్తం మళ్లీ రాశాను. కమిటీ ముందు నేనే చదివాను. అంతమంది మగవాళ్ల ముందు నోరు విప్పడం నాకదే మొదలు. నా తొందరపాటు గురించి కూడా రాశాను, అదీ ఆపకుండా చదివాను. చివర్లో ప్రాణహిత ఒడ్డున చూసింది చదివితే, ఇదేం సాక్ష్యమమ్మా, బంతి పోతే మనిషి మంచోడైతడా అని ఒకాయన అన్నాడు. న్యాయమైన మాటే. సదానందం సారు, నేర్పనిద్దాం గాని ఆట నడిచినంతసేపు ఒక ఆడమనిషి మైదానంలో కూర్చుని చూస్తుండాలి, ఎవరుంటారని అడిగాడు. పొయ్యి వదిలి రోజూ ఎవరు కూర్చుంటారు? తలుపు పక్కన నిలబడ్డ మా అమ్మ, "నా బిడ్డ ఉంటది" అంది. వాకిలి దాటనివ్వని అమ్మ. నేను విన్నది నిజమేనా అని ఆమె మొహం చూశాను. ఆమె నన్ను కాదు, కాకను చూస్తోంది, ఇంకా అనుమానంగానే.

ఆయనకు అవమానంగా ఉంటుందేమోనని నేను తల దించుకున్నాను. కాక లేచి నిలబడి అందరికీ నమస్కారం పెట్టాడు.

"మంచిదే. నన్ను నమ్మకుండ్రి. చూస్తుండుండ్రి."

ఆరేళ్లు చూశాను. రోజూ సాయంత్రం, వాన రోజులు తప్ప. మొదటి నెలలు అమ్మ కూడా వచ్చి నా పక్కన కూర్చునేది, కాక చేతులు ఎక్కడున్నాయో చూస్తూ. పిల్లలకు ఆయన ఎప్పుడూ చేతికి అందనంత దూరంలో ఉండే నేర్పేవాడు; భుజం సరిచేయాలంటే నన్ను పిలిచి, నా చేత సరిచేయించేవాడు. అలా సరిచేస్తూ సరిచేస్తూ నాకూ ఆట వచ్చింది. పిల్లలను తీసుకుని గడ్చిరోలి, చంద్రపూర్ పోటీలకు వెళ్లాం. కాపలా మనిషి లేకుండా జట్టు కదలకూడదని కమిటీ నియమం కనుక నేను లేకపోతే జట్టే లేదు. వీధి మలుపు దాటని దాన్ని, ఊళ్లు తిరిగాను. నన్ను బయటకు తెచ్చింది ఎవరి నమ్మకమూ కాదు, ఊరందరి అనుమానం. దేవుడు ఏ దారిన వరం పంపిస్తాడో ముందే తెలిస్తే మనం ఆ తలుపు కూడా వేసేసుకుంటామేమో. క్షమించమని ఒకరోజు అడిగాను. ఎందుకు, నువ్వు చివరిదాకా చూసినవ్ గదా అన్నాడు. అంతకు మించి ఆ సంగతి మా మధ్య రాలేదు. నాలుగేళ్ల కింద వానాకాలంలో, రెండు రోజుల జ్వరంతో పోయాడు. ఆయన పక్కన కూర్చుని చివరి గుక్క నీళ్లు పోసింది మా అమ్మ.

ఇప్పుడు పిల్లలకు నేర్పేది నేను. సమ్మక్క సెలవుల్లో వచ్చి సాయం చేస్తుంది. జారి పడి బంతి లాగడం ఆమే నేర్పుతుంది, అది నాకు రాదు. కొత్త పిల్లను తెచ్చిన తల్లిదండ్రులు నన్ను కింది నుంచి పైదాకా చూస్తారు. నా మీద నమ్మకం ఉంచండని నేను ఎవరికీ చెప్పను. బెంచీ చూపించి కూర్చోమంటాను. పోయిన శీతాకాలం రేగుంట నుంచి ఒక తండ్రి కూతురిని బండి మీద తెచ్చాడు. మాట లేదు, చిరునవ్వు లేదు. రోజూ వచ్చి బెంచీ చివర కూర్చుని, నా చేతులనూ, పిల్లలు నీళ్లు తాగే చోటునూ, గేటునూ చూసేవాడు. చాయ్ ఇస్తే వద్దనేవాడు. పదకొండు రోజులు అలాగే వచ్చాడు. పన్నెండో రోజు బెంచీ ఖాళీగా ఉంది. పిల్లను మాన్పించాడనుకున్నాను. అంతలో ఆ అమ్మాయి రేగుంట బస్సు దిగి, బూట్లు చేత్తో పట్టుకుని, ఒక్కతే పరుగెత్తుకుంటూ వచ్చింది. మనసులో దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆ రోజు ఆట ముగిసేదాకా ఆ పిల్లను ఇంకాస్త జాగ్రత్తగా చూశాను.